శ్రీముఖ నాటి గార మీద నేటి బోర్డులు: నరసాపురం మేడ ప్రశ్నకు సమాధానం

నరసాపురం బజారువీధిలో మీ తాతగారు కట్టించిన మేడ ముందుభాగాన్ని ముగ్గురికి అద్దెకు ఇస్తున్నామనీ, ముగ్గురూ తమ తమ బోర్డులకు స్థలం అడుగుతున్నారనీ, గోడ చెడకుండా వాటిని ఎక్కడ, ఎలా పెట్టించాలో చెప్పమనీ మీరు అడిగారు. కింద ఎడమవైపు వస్తున్న బంగారు రుణాల కంపెనీ 20 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు గల ఏసీపీ (అల్యూమినియం రేకుల పలక) బోర్డును పైఅంతస్తు కార్నిసు (గోడ పైన ముందుకు వచ్చిన అలంకారపు అంచు) మీద బిగిస్తామంటున్నది. కుడివైపు మందుల దుకాణం వారు ఒక శీతల పానీయాల కంపెనీ ఉచితంగా ఇచ్చే వెలుగు బోర్డును కమాను మీదుగా పెడతామంటున్నారు. మేడ మీద దంతవైద్యులు వరండా కటకటాలకు ఫ్లెక్సీ కడితే చాలునంటున్నారు. మీరు పంపిన ఫొటోలనూ కొలతలనూ శ్రద్ధగా చూశాను. గోదావరి జిల్లాల్లో సున్నంతో కట్టిన పాత కట్టడాల మరమ్మతులలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. ముగ్గురికీ బోర్డులు పెట్టవచ్చు, కాని ముగ్గురూ అడిగిన చోట, అడిగిన పద్ధతిలో మాత్రం ఒక్కటి కూడా పెట్టనివ్వవద్దు.

ముందుగా మీ మేడకు ఇప్పటికే ఒక బోర్డు ఉన్నదన్న సంగతి గుర్తు చేస్తాను. పిట్టగోడ నడుమ ఎత్తుగా లేచిన భాగంలో సున్నపు గారతో పోసిన తామరపూల మధ్య ‘శ్రీముఖ – ౧౯౩౩’ అని ఉన్నది కదా, అదే ఈ ఇంటి అసలు నామఫలకం. సంవత్సరం పేరునూ తెలుగు అంకెలనూ కలిపి గారలో దిద్దిన మేస్త్రీ పనితనం ఈనాడు డబ్బు పెట్టినా దొరకడం కష్టం. దాని కింద కార్నిసు పొడవునా నడిచే అల్లిక నమూనా పట్టీని చూడండి. మీ తాతగారు లేసు వ్యాపారం చేసేవారని రాశారు. మిషనరీల కాలం నుంచి ఈ ప్రాంతపు స్త్రీలు కొక్కెపు సూదితో (క్రోషే) అల్లుతూ వచ్చిన లేసునే మేస్త్రీ చేత గోడ మీద గారలో దించి పెట్టించుకున్నారని నాకు అనిపిస్తున్నది. బంగారు రుణాల కంపెనీ తన 20 అడుగుల బోర్డును బిగిస్తామంటున్నది సరిగ్గా ఆ పట్టీ మీదనే. వారి ప్రధాన కార్యాలయంలో గీసిన నమూనాలో ఆ చోటు ఖాళీ గోడగా కనిపించి ఉంటుంది. కాదని చెప్పవలసిన బాధ్యత ఇంటివారిగా మీదే.

బోర్డు ఎవరిదైనా, గోడకు పడే రంధ్రం మాత్రం ఇంటివారిది. అద్దెదారు ఐదేళ్ళకో తొమ్మిదేళ్ళకో వెళ్ళిపోతాడు, తరువాత వచ్చేవాడు తన కొలతలతో మళ్ళీ కొత్త రంధ్రాలు వేస్తాడు. నాలుగు అద్దెలు మారేసరికి గోడ జల్లెడ అవుతుంది. కాబట్టి గోడకు మేకు వేసే పనిని అద్దెదారులకు వదలకుండా, ఒకే ఒక్కసారి, మీ ఖర్చుతో, మీ మేస్త్రీ చేత మీరే చేయించండి. ఆ తరువాత ఎంతమంది మారినా అక్షరాలు మారాలి గాని గోడను ఎవరూ ముట్టుకోకూడదు. ఇది ఎలా సాధ్యమో కింద వివరిస్తాను, కాని దానికి ముందు గోడ సంగతి తెలుసుకోవాలి.

1933 నాటి మీ గోడ సిమెంటు గోడ కాదు. మన తీరంలో ఆ కాలపు కట్టడాలలో గుల్ల సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగ పట్టి, కరక్కాయ నానిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ చేర్చి వాడేవారు. అటువంటి గోడ మెత్తగా ఉంటుంది, చెమ్మను పీల్చుకుంటుంది, ఎండ కాసినప్పుడు తిరిగి వదులుతుంది. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీరు తగిలే నేల మీద, పునాదిలో చెమ్మనిరోధకపు పొర లేకుండా కట్టిన గోడలు ఇంతకాలం నిలవడానికి కారణం అవి అలా ఊపిరి తీసుకోగలగడమే. ఆ ఊపిరి ఆగిన చోట చెమ్మ లోపలే నిలిచి, దానితోపాటు నేల నుంచి ఎక్కిన ఉప్పు గార వెనుక పేరుకుని, గోడకు చవుడు పట్టి పొరలు పొరలుగా రాలుతుంది. మీ పొరుగువారి గోడ కింది భాగానికి సిమెంటు పూత వేయించిన తరువాత చవుడు మరింత పైకెక్కిందని రాశారు, కారణం ఇదే. సిమెంటు వెనుక నిలిచిన చెమ్మ బయటికి దారి లేక మీదికి ఎక్కింది.

ఇప్పుడు ఏసీపీ షీటును ఈ గోడ మీద పరిచినట్టు ఊహించండి. అది రెండు పలుచని అల్యూమినియం రేకుల నడుమ ప్లాస్టిక్ పొర ఉన్న పలక. వర్షంలో నీరు పై అంచు నుంచి దాని వెనుకకు దిగుతుంది, గాలి ఆడదు, ఎండ తగలదు. శ్రావణంలో తడిసిన గోడ మాఘం దాకా తడిగానే ఉంటుంది. తడి సున్నం తగులుతూ ఉంటే అల్యూమినియం కూడా తినుకుపోతుంది. ఆ సందులో పావురాలూ గబ్బిలాలూ చేరతాయి. ఇంకొక ప్రమాదం మరింత పెద్దది: ఏసీపీ నడుమ పొర మామూలు పాలిథీన్ అయితే మండుతుంది. వెలుగు అక్షరాల కోసం దాని వెనుక నడిపిన వైరు ఎక్కడో ఎలుక కొరికి నిప్పురవ్వ వస్తే, మీ మేడలో వెంటనే పైన ఉన్నది బర్మా టేకు దూలాల కప్పు. గోడను పూర్తిగా కప్పే షీటు పనిని, ఎంత అద్దె ఇస్తామన్నా, ఒప్పుకోవద్దని నేను గట్టిగా చెప్పేది ఈ రెండు కారణాల వల్లనే.

గాలి సంగతి కూడా లెక్కతో చెప్పాలి, ఎందుకంటే బోర్డు బరువు గురించి అందరూ అడుగుతారు గాని గాలి లాగుడు గురించి ఎవరూ అడగరు. గాలి ఒత్తిడి లెక్కకు మన దేశంలో ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం. అందులో విశాఖపట్నానికి ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. నరసాపురం వంటి సముద్రానికి దగ్గరి ఊళ్ళకు కూడా నేను అదే వేగాన్ని తీసుకుంటాను. ఆ వేగంలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. 20 అడుగులకు 4 అడుగులు అంటే 80 చదరపు అడుగులు, అంటే దాదాపు ఏడున్నర చదరపు మీటర్లు. స్థూలంగా చూసినా ఆ బోర్డును గోడ నుంచి ఊడబెరికే బలం ఒక టన్నును మించుతుంది. ఆ టన్ను భారాన్ని మోయవలసింది తొంభై ఏళ్ళ నాటి సున్నంలో అంటించిన నాలుగైదు బోల్టులు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుడిచిపెట్టిన తుఫానులో కొబ్బరిచెట్లు ఏ విధంగా నేలకొరిగాయో చూసినవారికి ఈ లెక్క అతిశయోక్తి అనిపించదు. బోర్డు ఒక్కటే ఎగిరిపోతే నష్టం చిన్నదే, కాని అది బోల్టుతోపాటు కార్నిసును కూడా లాక్కుని వీధిలో నడిచేవారి మీద పడుతుంది.

బోల్టుల విషయంలో నేను చేసిన తప్పును కూడా చెప్పాలి. పనిలోకి వచ్చిన తొలి సంవత్సరాలలో డెల్టాలోని ఒక పట్టణంలో ఒక పాత కార్యాలయ భవనం నుదుటిభాగాన ఇత్తడి అక్షరాలు బిగించే పనికి నేను పర్యవేక్షకుడిని. పని తొందరగా ముగించాలన్న ఒత్తిడిలో హేమర్ డ్రిల్లుతో రంధ్రాలు వేయించి, బిగించిన కొద్దీ లోపల విచ్చుకునే ఇనుప ఫాస్టనర్లను వేయనిచ్చాను. బిగించిన రోజున అంతా బాగున్నది. మూడు వర్షాకాలాలు గడిచేసరికి అక్షరాల కింద ఎర్రటి చారలు దిగాయి, నాలుగవ ఏట ఒక రాత్రి గారతో చేసిన తామరరేకు ఒకటి పెద్ద పెళ్ళతో సహా ఊడిపడింది. ఆ వేళ కింద ఎవరూ లేకపోవడం అదృష్టం. ఊడిన చోట చూస్తే ఫాస్టనర్ చుట్టూ ఇటుక నక్షత్రం ఆకారంలో పగిలి ఉన్నది. డ్రిల్లు అదరగొట్టినప్పుడు మొదటి చీలిక పడింది, విచ్చుకునే ఫాస్టనర్ దానిని పెంచింది, ఆ చీలికలోకి ఉప్పుగాలితో చెమ్మ దిగి ఇనుమును తుప్పు పట్టించింది. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం రెండు రెట్ల నుంచి ఆరు రెట్ల దాకా పెరుగుతుంది, ఆ పెరుగుదల ముందు మెత్తని ఇటుక నిలవదు. రెండవవైపు మిగిలిన తామరరేకు నుంచి అచ్చు తీసి కొత్తది పోయించాము గాని, ఆనాటి చేతిపనిలోని సొగసు రాలేదు. అప్పటి నుంచి ఏ పాత గోడలోనూ విచ్చుకునే ఫాస్టనర్‌ను గాని, మామూలు ఇనుమును గాని నేను వేయనివ్వలేదు.

ఇక మీ మేడకు చేయవలసిన పని. మీరు ఇచ్చిన కొలతల ప్రకారం ముందుగోడ 38 అడుగుల వెడల్పు. కింద మూడు కమాను ద్వారాలు. కమానుల పై అంచుకూ వరండా నేల అంచుకూ మధ్య 22 అంగుళాల ఎత్తు గల నున్నని పట్టీ ఉన్నది. ఆ పట్టీ మీద ఏ అలంకారమూ లేదు. అలా ఎందుకు ఉంచారో ఆలోచించండి: దుకాణం పేరు రాయించుకోవడానికే. అంగడివీధిలో కట్టిన ఆ కాలపు మేడలు అనేకంలో ఈ ఖాళీ పట్టీ కనిపిస్తుంది, తరువాతివారు దానిని వదిలిపెట్టి కార్నిసు మీదికి ఎక్కారు. వీధివైపు పెద్ద అక్షరాలతో పెట్టే అద్దెదారుల పేర్లకు సరైన చోటు అదే.

ఆ పట్టీ మీద, గోడ పొడవునా, ఒకదాని కింద ఒకటిగా రెండు సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు పట్టాలను రైలుపట్టాల మాదిరిగా బిగించండి. గోడకూ పట్టాలకూ మధ్య కనీసం ఒకటిన్నర అంగుళాల ఖాళీ ఉండాలి. అక్షరాలను విడివిడిగా చేయించి ఆ పట్టాలకు వెనుక నుంచి తగిలించాలి. అక్షరాల మధ్య గోడ కనిపిస్తుంది, వెనుక గాలి ఆడుతుంది, వాన తడిసినా ఎండకు ఆరుతుంది. పలకకు బదులు విడి అక్షరాలు కావడం వల్ల గాలి పట్టే వైశాల్యం కూడా మూడోవంతుకో నాలుగోవంతుకో తగ్గుతుంది. అద్దెదారు మారితే పాత అక్షరాలు విప్పి కొత్తవి తగిలిస్తే చాలును, గోడ జోలికి పోనవసరం ఉండదు.

పట్టాలను గోడకు పట్టి ఉంచే కడ్డీలు ఇటుకలలోకి కాక, ఇటుకల మధ్య సున్నపు సందులలోకి మాత్రమే వెళ్ళాలి. సందు పాడైతే మళ్ళీ సున్నంతో నింపుకోవచ్చు, ఇటుక పగిలితే దానికి మందు లేదు. మీ గోడకు పైన గార ఉన్నది కాబట్టి సందు ఎక్కడున్నదో బయటికి కనిపించదు. ఒక మూలన, బోర్డు వెనుక దాగే చోట, అరచేయి మేర గారను జాగ్రత్తగా తీసి వరసల ఎత్తు కొలుచుకుంటే మిగతా గోడ మీద దారంతో గీతలు వేసుకోవచ్చు. అంతకు ముందు చెక్కసుత్తితో పట్టీ పొడవునా మెల్లగా తట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టండి. అక్కడ గార గోడను వదిలేసింది, అక్కడ కడ్డీ వేయకూడదు, ముందు గారకు మరమ్మతు జరగాలి. రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లులో అదరగొట్టే మీటను ఆపి, తిరగడం ఒక్కటే ఉంచి, నెమ్మదిగా నాలుగు అంగుళాల లోతు వెళ్ళనివ్వాలి. సున్నం మెత్తనిది, అదరగొట్టనవసరం లేదు. లోపలి దుమ్మును ఊది, కొద్దిగా తడిపి, మరలు చుట్టిన కడ్డీని పెట్టి నీటితో గట్టిపడే సున్నపు ముద్దతో నింపాలి. రసాయన జిగురు చాలా బలంగా పడుతుంది, నిజమే, కాని దానిని తిరిగి తీయాలంటే ఇటుకతో సహా పెళ్ళగించాలి. అందువల్ల నేను వాడను. సున్నం పూర్తిగా గట్టిపడిన తరువాత మాత్రమే పట్టాలు ఎక్కించండి, ఎక్కించే ముందు ఒక కడ్డీకి తెలిసిన బరువు వేలాడదీసి లాగుడు పరీక్ష చేయించండి.

స్టీలు విషయంలో దుకాణదారు మాట నమ్మవద్దు. బజారులో సాధారణంగా దొరికే 304 రకం సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళకు సరిపోతుంది గాని, సముద్రపు ఉప్పుగాలి తగిలే నరసాపురంలో కొద్ది కాలానికే టీ మరకల వంటి చారలు పడుతుంది. మీకు కావలసినది 316 రకం. అందులో రెండు నుంచి మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును తట్టుకునేది అదే. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు, కాబట్టి రకం రాసిన బిల్లునూ తయారీదారు పరీక్షా పత్రాన్నీ అడిగి తీసుకోండి. కడ్డీ, పట్టా, మర, నట్టు అన్నీ ఒకే లోహానివి కావాలి. స్టీలు కడ్డీకి ఇనుప నట్టు వేస్తే ఆ నట్టు మామూలుకన్నా వేగంగా తినుకుపోతుంది. ఖర్చు ఎక్కువే అవుతుంది, కాని మీ జన్మలో ఒక్కసారి పెట్టే ఖర్చు.

బంగారు రుణాల కంపెనీ వారు 4 అడుగుల ఎత్తు లేకపోతే కనిపించదని వాదిస్తారు. బోర్డుల పనివారి వాడుక లెక్క ఒకటి ఉన్నది: అంగుళం ఎత్తున్న అక్షరాన్ని పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవవచ్చు. మీ బజారువీధి వెడల్పు ముప్పై అడుగులు; అవతలి అరుగు మీద నిలబడినవాడికి మూడు నాలుగు అంగుళాల అక్షరం చాలు, వీధి మలుపు నుంచి కనిపించాలంటే తొమ్మిది అంగుళాలు. తెలుగు అక్షరానికి పైన గుడులకూ కింద వత్తులకూ చోటు కావాలి కాబట్టి, 22 అంగుళాల పట్టీలో పైనా కిందా ఖాళీ వదిలినా అక్షరపు మూలరూపం తొమ్మిది అంగుళాలు సుఖంగా పడుతుంది. ఈ లెక్కను కాగితం మీద గీసి వారికి పంపండి. నా అనుభవంలో పెద్ద కంపెనీలు మొదటి మాటకు ఒప్పుకోవు, కాని కొలతలతో గీసిన బొమ్మ చేతికి వచ్చిన తరువాత చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే వారి దగ్గర కూడా చిన్న దుకాణాల కోసం చిన్న నమూనా ఒకటి ఉంటుంది.

తెలుగు మాట ఎలాగూ వచ్చింది కాబట్టి ఇక్కడే చెబుతాను. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988లో వచ్చింది. దాని కింద 1990లో చేసిన నిబంధనల ప్రకారం దుకాణం పేరు బోర్డు తెలుగులో ఉండాలి, ఇతర భాషలు కూడా వాడితే అవి తెలుగు కిందనే రావాలి. మీ అద్దెదారుల నమూనాలు మూడింటిలోనూ ఇంగ్లీషు పైన, తెలుగు కింద చిన్నగా ఉన్నది. ఆ వరస మార్పించండి. చట్టం కోసం మాత్రమే కాదు. ‘శ్రీముఖ – ౧౯౩౩’ కింద తెలుగు అక్షరాలు ఉంటేనే ఆ గోడకు తగిన పొందిక వస్తుంది. అక్షరాలను కంప్యూటరు ఖతి నుంచి తీసే ముందు ఊళ్ళో ఇంకా కుంచె పట్టగలిగిన బోర్డు ఆర్టిస్టు ఎవరైనా ఉంటే వారి చేత ఒకసారి రాయించి చూడండి. తలకట్టు వంపులో చేతికీ యంత్రానికీ ఉన్న తేడా మీకే తెలుస్తుంది.

మందుల దుకాణం వారి ఉచిత బోర్డు విషయం వేరు. పానీయాల కంపెనీ ఇచ్చే బోర్డులో మూడు వంతులు ఆ పానీయం ప్రకటన, ఒక వంతు దుకాణం పేరు. అది దుకాణం పేరు బోర్డు కాదు, మీ గోడ మీద వేరొకరి వ్యాపార ప్రకటన. పురపాలక సంఘం కూడా ఈ రెండింటినీ ఒకేలా చూడదు. దానిని పూర్తిగా మానిపించి, కమాను లోపలి అర్ధచంద్రాకారపు భాగాన్ని వారికి ఇవ్వండి. ఐదడుగుల ద్వారం మీద రెండున్నర అడుగుల ఎత్తున్న ఆ చోట ప్రస్తుతం గాలి కోసం చెక్క పలకల జాలీ ఉన్నది. జాలీని కదపకుండా, దాని ముందు టేకు చట్రం ఒకటి కమాను లోపలి అంచులకు మెత్తని చెక్క దిమ్మెలతో ఒత్తి నిలిపితే ఒక్క మేకు కూడా అవసరం లేదు. ఆ చట్రంలో కత్తిరించిన అక్షరాలూ, ఆకుపచ్చ ప్లస్ గుర్తూ పెట్టుకోవచ్చు. మందుల దుకాణాన్ని రాత్రిపూట వెతుక్కుంటూ వచ్చేవారు ఉంటారు కాబట్టి ఆ ఒక్క గుర్తుకు దీపం ఉండడం న్యాయమే.

దంతవైద్యుల ఫ్లెక్సీని మాత్రం అనుమతించవద్దు. పన్నెండు అడుగులకు ఐదడుగుల ఫ్లెక్సీ గాలిలో తెరచాప అవుతుంది, దాని తాళ్ళు కట్టేది మీ టేకు కటకటాలకు. పోయేది ఫ్లెక్సీ కాదు, కటకటాలు. మేడమెట్ల వద్ద, గడప పక్కన, రెండడుగుల టేకు పలక మీద ఇత్తడి అక్షరాలతో పేరూ వేళలూ ఉంటే వైద్యులకు తగిన గౌరవం కూడా ఉంటుంది. పైఅంతస్తు వరండా లోపలి గోడ మీద, స్తంభాల వెనుక, వానకూ గాలికీ అందని చోట ఇంకొకటి పెట్టుకోనివ్వవచ్చు. వీధి నుంచి చూసేవారికి అది స్తంభాల నడుమ నుంచి బాగానే కనిపిస్తుంది.

దీపాల విషయం క్లుప్తంగా చెబుతాను. అక్షరాల లోపల వెలిగే తెల్లని ఎల్‌ఈడీలకు బదులు, కింద నుంచి గోడ మీదికి పడే పసుపు వెలుగు చాలు. 2700 నుంచి 3000 కెల్విన్ (వెలుగు రంగును తెలిపే కొలత) మధ్య రకం అడగండి. సున్నపు గోడకు ఆ వెలుగు అందం తెస్తుంది. అంతకన్నా ముఖ్యమైన లాభం, వరిచేల మధ్య ఉన్న మన ఊళ్ళలో వాన వెలిసిన సాయంత్రాలలో ఉసిళ్ళు నీలపు తెలుపు వెలుగు మీద మూగినంతగా దీని మీద మూగవు. వైర్లు గార చెక్కి లోపల దాచకూడదు. వరండా నేల అంచు కింద నీడలో సన్నని గొట్టంలో బయటి నుంచే నడపాలి, 12 వోల్టుల దీపాలే వాడాలి, మెయిన్ వద్ద 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్చి) తప్పనిసరి.

అనుమతుల గురించి. మీ మేడ ప్రభుత్వ రక్షిత కట్టడం కాదని రాశారు, కాబట్టి మీకు కావలసినది పురపాలక కమిషనర్ అనుమతి. ప్రతి బోర్డు కొలతలూ, గోడ నుంచి ముందుకు వచ్చే దూరమూ, బిగింపు వివరమూ ఉన్న బొమ్మతో రాతపూర్వకంగా దరఖాస్తు చేసి, రసీదు తీసుకోండి. మురుగుకాలువ మీదికి గాని, వీధి మీదికి గాని చొచ్చుకొచ్చే బోర్డు మీ స్థలంలో ఉన్నట్టు కాదు, అది పురపాలక సంఘపు స్థలం. ఇది చదివే ఇతరులలో సామర్లకోట, ద్రాక్షారామం వంటి చోట్ల కేంద్ర రక్షిత ఆలయాల దగ్గర ఇళ్ళున్నవారు ఉంటే వారి పరిస్థితి వేరు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, దాని అవతల మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ మరమ్మతుకైనా ముందుగా అనుమతి కావాలి, చిన్న బోర్డే కదా అని చట్రం ఎక్కించే ముందు అధికారులను రాతపూర్వకంగా అడగాలి. యానాంలో ఫ్రెంచివారి కాలపు ఇళ్ళున్నవారు పుదుచ్చేరి ప్రభుత్వ నిబంధనలు చూసుకోవాలి, ఆంధ్రప్రదేశ్ చట్టాలు అక్కడ వర్తించవు.

అద్దె ఒప్పందంలో ఈ మాటలు స్పష్టంగా రాయించండి: అద్దెదారు గోడకు, కొయ్యకు, గారకు ఏ మేకూ వేయరాదు, ఇంటివారు ఇచ్చిన పట్టాలకు, చట్రానికి, పలకలకు తప్ప మరెక్కడా ఏదీ తగిలించరాదు, జతచేసిన బొమ్మలోని కొలతలను మించరాదు, గోడకు ప్లాస్టిక్ రంగు వేయరాదు, సున్నమే వేయాలి, పండుగ ఆఫర్లకు సైతం ఫ్లెక్సీ కట్టరాదు, తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున అక్షరాలు దించవలసి వస్తే దించే బాధ్యత వారిదే. దీనికి భద్రంగా కొంత ధరావతు విడిగా పట్టి ఉంచండి. చివరి షరతు చదివి నవ్వేవారు ఉంటారు, కాని విడి అక్షరాలను ఇద్దరు మనుషులు ఒక పూటలో దించగలరు, 20 అడుగుల పలకను దించలేరు.

ఇంకొక్క సంగతి. మీ నాలుగవ ఫొటోలో సందువైపు గోడ మీద సున్నపు పొరల కింద నీలిరంగు గీతలు లీలగా కనిపిస్తున్నాయి. అది చవుడు మరక కాదు, కుంచెతో రాసిన అక్షరాల అడుగుజాడ అని నా అనుమానం. ఇంత పాత మేడకు మీ తాతగారి నాటి దుకాణపు పేరే కావచ్చు. దయచేసి తీగబ్రష్షుతో గీకించవద్దు. తడిగుడ్డతో జానెడు మేర మెత్తగా అద్ది, పై సున్నం పొర మెత్తబడిన తరువాత చెక్క బద్దతో అంచు నుంచి ఎత్తి చూడండి. కింద రంగు కదులుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపి, అలాగే వదిలేయండి. పేరు బయటపడితే ఆ గోడ మీద ఏ అద్దెదారుకూ చోటు ఇవ్వవద్దు.

పనికి సమయం మాఘ ఫాల్గుణాలు, గోడ బాగా ఆరి ఉంటుంది. ముందుగా కుడివైపు చివర రెండు కడ్డీలు మాత్రమే వేయించి, ఒక వర్షాకాలం చూసుకునే ఓపిక మీకూ అద్దెదారులకూ ఉంటే అంతకన్నా మంచిది లేదు. లేకపోతే కనీసం లాగుడు పరీక్ష అయినా మానవద్దు. గోడ ముందుభాగాన్ని నిచ్చెన మీద నుంచి నేరుగా తీసిన ఫొటోలు, పక్కన కొలబద్ద పెట్టి, పంపండి. ఇటుకల వరస ఎత్తు కూడా రాయండి. ఏ ఏ చోట కడ్డీలు పడాలో వాటి మీద గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను.